కొత్త ల్యాప్‌టాప్ కొన్నంత మాత్రాన పాత ఓఎస్‌ని వదిలేయాలా?

కొత్త ల్యాప్‌టాప్ రాగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్, సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ డౌన్‌లోడ్, సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి. పాత మెషీన్ నుంచి డాక్యుమెంట్లు, ఫొటోలు కాపీ చేసుకుంటాం. మూడు నాలుగేళ్లుగా మన చేతికి అలవాటు చేసుకున్న సిస్టమ్‌ని మాత్రం అక్కడే వదిలేస్తాం. ఎవరిని అడిగినా ‘ఫ్రెష్ ఇన్‌స్టాల్ చేయి బ్రో, క్లీన్‌గా ఉంటది’ అంటారు. ఆ మాటని ఎవరూ ప్రశ్నించరు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. లైనక్స్ వాడేవాళ్లు ఉన్న ఇన్‌స్టలేషన్‌నే కొత్త మెషీన్‌కి మార్చుకోవాలి, అది కూడా ఏ క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడకుండా చేత్తో. విండోస్ వాడేవాళ్లు కొన్ని షరతులు చూసుకుని మార్చుకోవచ్చు. ఫ్రెష్ ఇన్‌స్టాల్ అనేది ఒక ఆప్షన్ మాత్రమే, రూల్ కాదు.

ఇప్పుడే ఎందుకు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. మామూలు యూజర్లకి ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే అఫీషియల్‌గా 8వ జనరేషన్ లేదా ఆ పైన ఉండాలి. అంటే 6వ, 7వ జనరేషన్ ప్రాసెసర్లతో ఇప్పటికీ చక్కగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌లు లిస్టులో లేవు. వాటి ఓనర్లు ఇప్పుడు రెండు దారుల్లో ఒకటి పడుతున్నారు. కొందరు కొత్తది కొంటున్నారు, కొందరు లైనక్స్‌కి వస్తున్నారు. రెండు దారుల్లోనూ ‘నా సిస్టమ్‌ని ఎలా తీసుకెళ్లాలి’ అన్న ప్రశ్న ఇప్పుడు కాకపోతే వచ్చే మెషీన్‌కైనా ఎదురవుతుంది.

అనంతపురం లెక్క వేరు

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ పెట్టుకుని ‘అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్కో’ అని సలహా ఇవ్వడం సులభం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు ఊళ్లలో ఉండే బీటెక్ స్టూడెంట్‌కి నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాట్. రోజుకి ఒకటిన్నర జీబీ, మహా అయితే రెండు జీబీ. విండోస్ 11 ఐఎస్‌ఓ ఒక్కటే 5 జీబీ పైన ఉంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎస్‌డీకే, ఎమ్యులేటర్ ఇమేజ్, పైథాన్ లైబ్రరీలు, డాకర్ ఇమేజ్‌లు, ఆఫీస్ అన్నీ కలిపితే 20 జీబీ ఈజీగా దాటుతుంది. రోజు డేటా మొత్తం దానికే పెట్టినా పది రోజులు. అదే 20 జీబీ పాత డిస్క్ నుంచి యూఎస్‌బీ 3 కేబుల్ మీద కాపీ చేస్తే కొన్ని నిమిషాల పని.

ఇంకో సంగతి. మన దగ్గర చాలామంది కొనేది సీల్ తీయని కొత్త ల్యాప్‌టాప్ కాదు. బెంగళూరు ఎస్‌పీ రోడ్ లాంటి చోట్ల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్. కంపెనీలు వాడి వదిలేసిన మెషీన్లు. వాటిలో ముందే వేసి ఉన్న విండోస్ ఎవరు వేశారో, అందులో ఇంకేం వేశారో మనకు తెలీదు. అలాంటి మెషీన్‌లోకి మనకు తెలిసిన, మనం నమ్మే ఇన్‌స్టలేషన్‌ని తీసుకెళ్లడం సెక్యూరిటీ పరంగా కూడా మంచిదే. వేరుశనగ పండించే రైతు తన చేలో కాసిన మంచి విత్తనాన్ని పక్కన పెట్టుకోవడం లాంటిది ఇది. బయట దొరుకుతుంది కదా అని ఇంట్లో ఉన్నది పారేయడు.

ఇన్‌స్టలేషన్ అంటే మంత్రం కాదు

చాలామందికి భయం ఎక్కడంటే, ఓఎస్ అనేది ఆ హార్డ్‌వేర్‌కి అతుక్కుపోయి ఉంటుందని అనుకుంటారు. లైనక్స్ విషయంలో అది ఎక్కువ భాగం నిజం కాదు. మీ సిస్టమ్ మొత్తం ఫైళ్లే. కెర్నల్ ఒక ఫైల్, మీ పాస్‌వర్డ్ హ్యాష్ ఒక ఫైల్‌లో ఒక లైన్, మీ వైఫై పాస్‌వర్డ్ ఇంకో ఫైల్. డ్రైవర్లు చాలావరకు కెర్నల్‌తోనే వస్తాయి, బూట్ అయిన ప్రతిసారీ ఎదురుగా ఏ హార్డ్‌వేర్ ఉందో చూసి కావాల్సినవే లోడ్ అవుతాయి.

పాత మెషీన్‌తో ముడిపడి ఉండేవి మూడే:

1. డిస్క్ గుర్తింపు. ప్రతి పార్టిషన్‌కీ ఒక యూయూఐడీ ఉంటుంది. ఏది ఎక్కడ మౌంట్ కావాలో ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్‌లో ఆ నంబర్లతో రాసి ఉంటుంది.
2. బూట్‌లోడర్. గ్రబ్ ఎక్కడుందో కొత్త మెషీన్‌లోని యూఈఎఫ్ఐకి తెలియాలి.
3. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్. బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఈ చిన్న ప్యాకెట్‌లో డిస్క్‌ని చదవడానికి కావాల్సిన డ్రైవర్లు ఉంటాయి. కొన్ని డిస్ట్రోలలో ఇది ఆ మెషీన్‌కి సరిపడా మాత్రమే తయారవుతుంది.

ఈ మూడూ సరిచేస్తే మీ సిస్టమ్ కొత్త ఇంట్లో లేచి కూర్చుంటుంది. నేను 2018లో బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో వేసుకున్న ఉబుంటు 18.04 ఇలాగే మూడు మెషీన్లు మారింది. మొదటిది 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్. రెండోది 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్. ఇప్పుడున్నది రైజెన్. మధ్యలో 20.04, 22.04, 24.04 అప్‌గ్రేడ్లు అయ్యాయి. ఇంటెల్ పోయి ఏఎండీ వచ్చింది, లెగసీ బూట్ పోయి యూఈఎఫ్ఐ వచ్చింది. ఎడిటర్ సెట్టింగులు, తెలుగు ఫాంట్లు, ఐబస్ కీబోర్డ్ లేఅవుట్, కాలేజీ రోజుల్లో రాసుకున్న చిన్న చిన్న స్క్రిప్టులు అన్నీ అలాగే ఉన్నాయి.

పద్ధతి: ఒక ఆదివారం మధ్యాహ్నం పని

ఇది పూర్తి ట్యుటోరియల్ కాదు. కానీ దారి తెలియాలి కాబట్టి వరసగా చెప్తాను.

ముందు పాత సిస్టమ్‌లోనే కొంచెం సర్దుకోండి. పనికిరాని ప్యాకేజీ క్యాష్ తీసేయండి. ఎన్‌విడియా ప్రొప్రైటరీ డ్రైవర్ ఉండి, కొత్త మెషీన్‌లో ఎన్‌విడియా లేకపోతే దాన్ని ఇప్పుడే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ వేరే డ్రైవ్‌లో ఉండాలి. ఇది మాత్రం తప్పనిసరి.

తర్వాత ఏదైనా లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అవ్వండి. ఫ్రెండ్ దగ్గర పాత ఉబుంటు పెన్‌డ్రైవ్ ఉన్నా చాలు. బూట్ అయింది యూఈఎఫ్ఐ మోడ్‌లోనేనా అని చూసుకోండి. కొత్త డిస్క్‌ని జీపీటీగా మార్చి, 512 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫ్యాట్32లో, మిగతాది ఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేయండి. పాత డిస్క్‌ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి రెండూ మౌంట్ చేయండి.

ఇప్పుడు కాపీ. ఇక్కడ చాలామంది డీడీ కమాండ్ వైపు వెళ్తారు. నేను వద్దంటాను. డీడీ డిస్క్‌ని బిట్ బిట్‌గా కాపీ చేస్తుంది, ఖాళీ జాగాతో సహా. కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదైతే కుదరదు. పైగా యూయూఐడీలు కూడా అవే వస్తాయి కాబట్టి రెండు డిస్కులూ ఒకేసారి పెడితే సిస్టమ్ ఏది ఏదో తేల్చుకోలేదు. ఆర్‌సింక్ అయితే ఫైళ్లని కాపీ చేస్తుంది. నేను 1 టీబీ హార్డ్ డిస్క్ నుంచి 256 జీబీ ఎస్ఎస్‌డీకి మారగలిగింది అందుకే.

ఆర్‌సింక్‌లో ఆర్కైవ్ మోడ్‌తో పాటు హార్డ్ లింకులు, ఏసీఎల్, ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్ల ఆప్షన్లు, న్యూమరిక్ ఐడీల ఆప్షన్ కూడా ఆన్ చేయాలి. లేకపోతే పర్మిషన్ల దగ్గర చిన్న చిన్న విషయాలు పోతాయి, అవి నెల తర్వాత బయటపడతాయి. సోర్స్ పాత్ చివర స్లాష్ ఉండాలి, లేకపోతే మొత్తం ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఆర్‌సింక్‌తో ఇంకో లాభం ఉంది. మధ్యలో కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయినా మళ్లీ అదే కమాండ్ ఇస్తే, అప్పటికే వెళ్లిన ఫైళ్లని వదిలేసి మిగతావి మాత్రమే కాపీ చేస్తుంది. ఎండాకాలం మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

కాపీ అయ్యాక కొత్త పార్టిషన్ల యూయూఐడీలు చూసుకుని ఎఫ్‌స్టాబ్‌లో మార్చండి. డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లని బైండ్ మౌంట్ చేసి, ఈఎఫ్ఐ పార్టిషన్‌ని కూడా మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో కొత్త సిస్టమ్ లోపలికి వెళ్లండి. పాతది లెగసీ బూట్ అయితే గ్రబ్ ఈఎఫ్ఐ ప్యాకేజీ వేసుకోవాలి. గ్రబ్ ఇన్‌స్టాల్ చేసి, దాని కాన్ఫిగ్ అప్‌డేట్ చేసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్లీ తయారుచేయండి. ఉబుంటు, డెబియన్‌లో అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కమాండ్, ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ. రీబూట్ చేయండి.

నా చివరి మార్పులో దాదాపు 180 జీబీ కాపీ కావడానికి గంట లోపే పట్టింది. మిగతా పని పావుగంట.

బూట్ అయింది కదా అని లేచిపోకండి

- పాత స్వాప్ పార్టిషన్ నంబర్ రెజ్యూమ్ సెట్టింగ్‌లో మిగిలిపోతే, బూట్ అయ్యే ప్రతిసారీ అది లేని డిస్క్ కోసం ఎదురుచూస్తుంది. ‘కొత్త ల్యాప్‌టాప్ స్లోగా ఉంది’ అనిపించడానికి ఇదొక కారణం.
- నెట్‌వర్క్ కార్డుల పేర్లు మారతాయి. స్టాటిక్ ఐపీ పెట్టుకున్నవాళ్లు ఆ కాన్ఫిగ్‌లో కొత్త పేరు రాయాలి.
- పాత మెషీన్‌ని కూడా వాడుతూనే ఉంటే హోస్ట్‌నేమ్, మెషీన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు ఒకదానిలో మార్చాలి. ఒకే వైఫైలో ఒకే గుర్తింపుతో రెండు మెషీన్లు ఉంటే గొడవే.
- ఇంటెల్ నుంచి ఏఎండీకి వస్తే మైక్రోకోడ్ ప్యాకేజీ మార్చుకోండి.
- సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి, వర్చువల్‌బాక్స్ లాంటి వాటి మాడ్యూళ్లు మీరే సైన్ చేసుకుని ఉంటే, ఆ కీని కొత్త మెషీన్‌లో మళ్లీ ఎన్‌రోల్ చేయాలి.
- పాత డిస్క్‌ని కనీసం నెల రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

విండోస్ దగ్గర చిక్కు టెక్నికల్ కాదు

విండోస్ 7 కాలంలో డిస్క్ తీసి వేరే మెషీన్‌లో పెడితే బ్లూ స్క్రీన్ రావడం మామూలే. స్టోరేజ్ కంట్రోలర్ మారితే సిస్టమ్ తన డిస్క్‌నే చదవలేకపోయేది. విండోస్ 10, 11 చాలా మెరుగు. కొత్త మెషీన్‌లో మొదటిసారి బూట్ అయినప్పుడు డివైజ్‌లన్నీ గుర్తించుకుని, చాలాసార్లు మామూలుగానే లేస్తాయి. ఇంటెల్ వీఎండీ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఆ డ్రైవర్ ముందే వేసుకోవాలి, లేదా బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేయాలి. పాత డిస్క్ ఎంబీఆర్ అయితే విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్ టు జీపీటీ టూల్ ఉంది. బూట్ ఫైళ్లు పోతే బీసీడీబూట్ ఉంది. టెక్నికల్‌గా దారులున్నాయి.

అసలు చిక్కు లైసెన్స్‌లో. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఓఈఎం విండోస్ ఆ మెషీన్‌కే కట్టేసి ఉంటుంది, వేరేదానికి తీసుకెళ్లే హక్కు లేదు. విడిగా డబ్బు పెట్టి కొన్న రీటైల్ లైసెన్స్ అయితే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వాడుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌కి అదే ఎడిషన్ లైసెన్స్ ముందే ఉంటే ఇబ్బంది తక్కువ. ముందు దాని సొంత విండోస్‌తో నెట్‌కి కనెక్ట్ చేసి యాక్టివేట్ చేసుకుని, తర్వాత మీది తీసుకెళ్లండి. పాతది ప్రో, కొత్తది హోమ్ అయితే మాత్రం తంటా.

రెండోది బిట్‌లాకర్. విండోస్ 11 24హెచ్2 నుంచి, ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే డివైజ్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. కీ ఆ మెషీన్ టీపీఎంలో ఉంటుంది, రికవరీ కీ మీ అకౌంట్‌లో ఉంటుంది. దొంగతనం జరిగితే ఇది మంచి రక్షణే, నేను వద్దనను. కానీ తన డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందనే సంగతి ఓనర్‌కే తెలియకపోవడం మంచిది కాదు. మదర్‌బోర్డ్ పోయిన రోజున, ఎప్పుడో షాపులో పెట్టించుకున్న అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేక ప్రాజెక్ట్ మొత్తం పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు. ఈరోజే మీ రికవరీ కీ ఎక్కడుందో చూసి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఓఎస్ మార్చే ఆలోచన లేకపోయినా సరే.

‘ఫ్రెష్‌గా వేసుకో’ అని చెప్పలేని చోటు

మన ఊళ్లలోని డీటీపీ షాపులకి వెళ్లి చూడండి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. చాలా షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత కొత్త వెర్షనే లేదు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఫైల్ ఓపెన్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇన్‌స్టలేషన్ సీడీలు ఎప్పుడో పోయి ఉంటాయి. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి, 2020 జనవరిలో విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయినా ఆ షాపులు వాటి మీదే నడవడానికి కారణం బద్ధకం కాదు. ఆ ఇన్‌స్టలేషనే వాళ్ల జీవనాధారం. పదిహేనేళ్ల కస్టమర్ల ఫైళ్లు, ప్రింటర్ సెట్టింగులు, వేళ్లకి అలవాటైన కీబోర్డ్ లేఅవుట్ అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ అన్నకి ‘ఫ్రెష్‌గా వేస్కో అన్నా, క్లీన్‌గా ఉంటది’ అని చెప్పగలమా? ఆయనకి కావాల్సింది ఉన్నదాన్ని కాపాడి ఇచ్చేవాళ్లు. అక్కడ నా సలహా ఇది. హార్డ్ డిస్క్ బతికుండగానే మొత్తం ఇమేజ్ తీయండి. సిస్‌ఇంటర్నల్స్ డిస్క్2వీహెచ్‌డీ టూల్‌తో నడుస్తున్న విండోస్‌ని వర్చువల్ డిస్క్‌గా మార్చి, కొత్త మెషీన్‌లో వర్చువల్ మెషీన్‌గా నడపండి. దానికి నెట్ కనెక్షన్ ఇవ్వకండి, సపోర్ట్ లేని ఓఎస్ కాబట్టి. లైసెన్స్ విషయం మాత్రం విడిగా చూసుకోవాలి, ఓఈఎం రూల్ ఇక్కడా వర్తిస్తుంది. ఇది తెలిసిన బీటెక్ కుర్రాడు సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల రెండు వీధులు తిరిగినా పని దొరుకుతుంది.

అవతలి వాదనలోనూ నిజం ఉంది

ఫ్రెష్ ఇన్‌స్టాల్ అనేవాళ్లు చెప్పే కారణాలు కొన్ని సరైనవే. పాత సిస్టమ్‌లో వైరస్ ఉందని అనుమానం ఉంటే అస్సలు మార్చకండి, దాన్ని కూడా మోసుకెళ్తారు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు వేసుకున్న విండోస్ అయితే ఆ అనుమానం ఎప్పుడూ ఉన్నట్టే లెక్క. 32 బిట్ ఓఎస్ అయితే ఇక్కడితో ఆపేసి 64 బిట్‌కి కొత్తగా వెళ్లడం నయం. ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలియనంత గజిబిజిగా ఉన్నా అంతే.

కానీ ‘చెత్త పేరుకుపోతుంది’ అన్న వాదన నాకు పూర్తిగా ఎక్కదు. ఇంట్లో సామాను ఎక్కువైతే సర్దుకుంటాం, ఇల్లు కూల్చం. ప్రతిసారీ ఫ్రెష్‌గా వేసుకునేవాడు చెత్తని శుభ్రం చేయడం ఎప్పటికీ నేర్చుకోడు. ఫోన్లలో మనకి ఆ చాయిస్ లేదు. కొత్త ఫోన్ తీసుకుంటే యాప్‌లు మళ్లీ డౌన్‌లోడ్, బ్యాంక్ యాప్‌లో మళ్లీ రిజిస్ట్రేషన్. దానికి అలవాటుపడి కంప్యూటర్ కూడా అలాగే ఉండాలని ఒప్పేసుకున్నాం. ఉండక్కర్లేదు.

రివ్యూల్లో ఈ ప్రశ్న ఎందుకు లేదు?

మనం రివ్యూల్లో డిస్‌ప్లే నిట్స్ చూస్తాం, బెంచ్‌మార్క్ స్కోర్ చూస్తాం, ఫ్యాన్ సౌండ్ చూస్తాం. ‘నాలుగేళ్ల తర్వాత ఇందులోంచి నా సిస్టమ్‌ని బయటికి తీసుకెళ్లగలనా?’ అని ఎవరూ అడగరు. ల్యాప్‌టాప్ కొనేముందు నేను చూసేవి ఇవి:

- ఎస్ఎస్‌డీ ఊడదీయగలిగే ఎం.2నా, బోర్డుకి సోల్డర్ చేసిందా? ల్యాప్‌టాప్ చనిపోయినా డిస్క్ బతకాలి. మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ ఊడదు, అక్కడ మైగ్రేషన్ అసిస్టెంట్, టైమ్ మెషీన్ బ్యాకప్ మీద ఆధారపడాల్సిందే.
- రెండో ఎం.2 స్లాట్ ఉందా? ఉంటే ఎన్‌క్లోజర్ కూడా అక్కర్లేదు, పాత డిస్క్‌ని అందులోనే పెట్టి కాపీ చేసుకోవచ్చు.
- బయోస్‌లో వీఎండీ, సెక్యూర్ బూట్ సెట్టింగులు మార్చుకునే అవకాశం ఉందా?
- రీఫర్బిష్డ్ అయితే బయోస్‌కి పాత కంపెనీ పాస్‌వర్డ్ ఏమైనా మిగిలి ఉందా? షాపులోనే ఆన్ చేసి, బయోస్‌లోకి వెళ్లి చూశాకే డబ్బులు ఇవ్వండి.

ఈ నాలుగూ ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూలో ఒక పేరాగా ఉండాలని నా అభిప్రాయం. బ్యాటరీ లైఫ్ ఎంతో, ఇదీ అంతే ముఖ్యం.

చేత్తో ఒక్కసారి సిస్టమ్ మార్చినవాడికి బూట్ ఎలా అవుతుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఓఎస్ సబ్జెక్టులో ఒక యూనిట్ మొత్తం ఆ మధ్యాహ్నంలోనే అర్థమవుతుంది. కొత్త మెషీన్ కొనేదాకా ఆగక్కర్లేదు. మూల పడి ఉన్న పాత హార్డ్ డిస్క్ ఒకటి తీసుకోండి, దాని మీదకి మీ లైనక్స్‌ని ఒకసారి ఆర్‌సింక్ చేయండి. ఎఫ్‌స్టాబ్ మార్చండి, గ్రబ్ వేయండి, దాని నుంచే బూట్ అయ్యి చూడండి. అది లేచిందంటే, రేపు మీ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ పోయినా మీకు పోయేది ఒక డబ్బా మాత్రమే.